తిలా పాపము, తలా పిడికెడు

(హిమాయత్ సాగర్ కట్టయొద్ద జరిగిన జలరక్షణ కార్యకర్తల సభలో చేసిన ఉపన్యాసపాఠము)



ఈ కట్టమీద నిలుచుండి మాటలాడుట మాకు కొంత సంకోచముగనే యున్నది. ఎదుట నున్నది నీరు. మా చేతిలో నున్నవి కాగితములు. నీటికి కాగితములతో పని లేదు. అది పల్లమెఱుగును. ఎగువనుండి ఏది వచ్చి కలిసినను తనలో దాచుకొనును. త్రాగువానికి దానిని తిరిగి యప్పగించును. కాగితములు మాత్రము నీటి కేమి కీడు మూడినను తాము చక్కగనే యుండగలవు. ఈ ప్రాంతపు వృద్ధకర్షకు డొకడు మొన్న మాతో, "వకీలు సాబ్, కాగితాల మీద చెరువు పదిలంగనే ఉన్నది. చెరువుల నీళ్లే పదిలంగ లేవు" అనెను. ఈ సాయంకాలము మేము చెప్పదలచినదంతయు ఆ వృద్ధుని మాటకు వ్యాఖ్యానము మాత్రమే.

ఈ జలాశయ మేల పుట్టినదో మీలో పెద్దలెఱుగుదురు. పిన్నలకొఱకు రెండు మాటలు చెప్పెదము. 1908 సెప్టెంబరు 28వ తేదీన మూసీ పొంగి హైదరాబాదు నగరమున వేలకొలది ప్రాణములను గొనిపోయెను. ఆ విపత్తు తరువాత మోక్షగుండం విశ్వేశ్వరయ్యగారు వచ్చి, నగరమునకు ఎగువనే నదిని నిలుపవలెనని యోచన చెప్పిరి. ఆ యోచన ననుసరించి మూసీమీద ఉస్మాన్ సాగర్ 1920లోను, ఈసీ నదిమీద ఈ హిమాయత్ సాగర్ 1927లోను పూర్తియైనవి. వరదనుండి కాచుటయు, దప్పిక తీర్చుటయు వీని పని. శవములను లెక్కించిన పిదప కలిగిన బుద్ధికి ఈ కట్ట గుఱుతు.

కట్ట కట్టినంతమాత్రమున చాలదనియు, నీరు పాఱి వచ్చు నేలను గూడ కాపాడవలెననియు ప్రభుత్వము తరువాత గ్రహించినది. 1994 మార్చి 31వ తేదీన 192వ నంబరు జీవో వెలువడెను. దానిని స్థిరపఱచుచు 1996 మార్చి 8వ తేదీన 111వ నంబరు జీవో వచ్చెను. ఈ రెండు జలాశయముల పూర్తి నీటిమట్టమునుండి 10 కిలోమీటర్లలోపల కాలుష్యము కలిగించు కర్మాగారములు గాని, పెద్ద హోటళ్లు గాని, నివాస కాలనీలు గాని వెలయరాదని అది శాసించినది. 84 గ్రామములు ఆ హద్దులోనికి వచ్చినవి. ఇంతకంటె తేటగా శాసనమెట్లు చెప్పగలదు? చదువుటకు కష్టమైన మాట అందులో లేదు. 10 కిలోమీటర్లను కొలుచుటకు మహాపండితుడు అవసరము లేదు.

అట్లయ్యు శాసనము ఏల తప్పిపోవుచున్నది? ఇదియే నేటి మన ప్రశ్న. దీనికి సభలలో సాధారణముగ వినబడు ప్రత్యుత్తరము ఒకటి కలదు: "ఎవడో లంచగొండి యున్నాడు, వానిని పట్టుకొనుడు" అని. లంచగొండులు లేరని మేము చెప్పము. కాని పదునెనిమిది సంవత్సరములుగ ఇట్టి వ్యాజ్యముల కాగితములను తిరుగవేయుచున్న మాకు తోచునది వేఱు. పెద్ద సంస్థలలోను, పెద్ద ప్రభుత్వశాఖలలోను నీటికి జరుగు ద్రోహము ఏ యొక్కని చేతిమీదుగను జరుగదు. అది ముక్కలు ముక్కలుగ పంచబడును. ఎవ్వని వంతు వానికి చిన్నదిగ, నిర్దోషముగ, తుదకు న్యాయమైనదిగ గూడ కనబడును. తిలా పాపము, తలా పిడికెడు! అందఱును శ్రీవైష్ణవులే, బుట్టలో చేపలు మాత్రము మాయమైనవి.

దీనికి నిదర్శనము దూరదేశములో వెదకనక్కఱలేదు. ఈ కట్టకు ఎగువన, శంషాబాదు మండలములోని పెద్దషాపూరు గ్రామమున జరిగినదే చాలును. సుప్రీంకోర్టు తీర్పులలో ఈ వ్యాజ్యము ఆంధ్రప్రదేశ్ కాలుష్య నియంత్రణ మండలికిని, ప్రొఫెసర్ ఎం. వి. నాయుడుగారికిని నడచినదిగ పేరు పొందినది. ఆముదమునుండి పలువిధములగు రసాయన పదార్థములను తయారుచేయు కర్మాగారమును పెట్టదలచి, సురానా ఆయిల్స్ అను కంపెనీ అచ్చట 12 ఎకరముల భూమిని కొనెను. తమ ఉపోత్పత్తులలో గ్లిసరిను, నూనెను శుద్ధిచేయగా మిగిలిన మట్టి, వాడిన నికెలు ఉత్ప్రేరకము ఉండునని దరఖాస్తులో వారే వ్రాసిరి. నికెలు బరువైన లోహము. ప్రమాదకరమగు వ్యర్థముల పట్టికలో చేరినది. అది వానతో గలిసి దిగువకు జాఱిన చేరునది యెచ్చటికో మీరు తల త్రిప్పి చూచిన చాలును.

ఇప్పుడు తేదీలను వరుసగ వినుడు. కథ అంతయు ఆ వరుసలోనే యున్నది.

1995 నవంబరు 28వ తేదీన రాష్ట్రప్రభుత్వము స్థలనిబంధనను సడలించుచు ఈ కంపెనీ దరఖాస్తును కేంద్రమునకు సిఫారసు చేసెను. కాని ఊరక చేయలేదు: పని మొదలుపెట్టుటకు ముందు కాలుష్య నియంత్రణ మండలి సమ్మతి పొందవలెనను షరతుతో చేసెను. 1996 జనవరి 9వ తేదీన కేంద్రప్రభుత్వము సాలునకు 15,000 టన్నుల నూనెకు అనుమతి ఉద్దేశపత్రము నిచ్చెను. అదియును షరతులతోనే: స్థలము పర్యావరణదృష్టితో అంగీకరింపబడినదని రాష్ట్రపు పరిశ్రమల డైరెక్టరు ధ్రువపఱుపవలెను, కాలుష్య నివారణ సాధనములు చాలునని మండలి చెప్పవలెను. రెండు నెలలు గడచునప్పటికి 111వ జీవో వచ్చెను. మే 24వ తేదీన జరిగిన పరిశీలనసమావేశమునందు, కంపెనీ ప్రతినిధి యెదుటనే, ఈ స్థలము 10 కిలోమీటర్లలోపల నున్నది గనుక పనికిరాదని మండలి త్రోసివేసెను.

కథ అచ్చట ముగియవలసినది. ముగియలేదు. సరిగా వారము దినములకు, మే 31వ తేదీన, గ్రామపంచాయతి కర్మాగారపు ప్లానులను ఆమోదించెను. సెప్టెంబరు 7వ తేదీన జిల్లా కలెక్టరు ఆ భూమిని వ్యవసాయేతర పనులకు వాడుకొన అనుమతి నిచ్చెను. 1997 ఏప్రిల్ 7వ తేదీన కంపెనీ మరల మండలికి దరఖాస్తు పెట్టెను. మండలి ఇంకను ఆలోచించుచుండగనే, జులై 3వ తేదీన రాష్ట్రప్రభుత్వము 153వ జీవోతో ఈ యొక్క కంపెనీకి 111వ జీవోనుండి మినహాయింపు ప్రసాదించెను. జులై 30వ తేదీన మండలి మరల కాదనెను. కంపెనీ అప్పీలు చేసికొనెను. 1998 జనవరి 5వ తేదీన అప్పీలు అధికారి, కంపెనీ పక్షమున దాఖలైన ఒక శాస్త్రజ్ఞుని ప్రమాణపత్రమును గైకొని, సమ్మతి ఇయ్యుమని మండలిని ఆదేశించెను. ఆ సంవత్సరము మే 1వ తేదీన హైకోర్టును దానిని నిలిపెను. చివరకు విషయము సుప్రీంకోర్టు చేరెను. 1999 జనవరి 27వ తేదీన జస్టిస్ ఎం. జగన్నాథరావుగారు వ్రాసిన తీర్పు, హాని కలుగదని నిరూపించు భారము మార్పు తేగోరువానిదే కాని మార్పును వలదనువానిది కాదని చెప్పి, ముందుజాగ్రత్త సూత్రమును విశదముగ వివరించి, శాస్త్రసంబంధమగు ప్రశ్నలను నిపుణసంస్థల పరిశీలనకు పంపెను. 2000 డిసెంబరు 1వ తేదీన తుది తీర్పు వచ్చెను. లక్షలాది జనుల త్రాగునీటికొఱకు చేసిన నిషేధమునుండి ఒక సంస్థకు మినహాయింపు నిచ్చుట చెల్లదని కోర్టు తేల్చెను.

సభ్యులారా, నీరు గెలిచినది. మనము సంతోషింపవలసినదే. కాని న్యాయవాదిగ కాక, మనుష్యుల నడవడిని పరీక్షించువానిగ ఈ తేదీలను మరల చూడుడు. ఇందు నియమమెఱుగని వాడెవడు? ఒక్కడును లేడు. సిఫారసు చేసిన శాఖకు తెలిసినది. కనుకనే షరతు వ్రాసినది. కేంద్రమునకు తెలిసినది, అదియు షరతు వ్రాసినది. ప్రతి కార్యాలయమును తాను చేయవలసిన విచారణను షరతుగ మార్చి ప్రక్క కార్యాలయముమీదికి నెట్టెను. "మండలి సమ్మతికి లోబడి" యని వ్రాసిన గుమాస్తా ఆ రాత్రి సుఖముగ నిద్రించియుండును; తాను చెఱువును కాపాడితిననియే అతడు తలంచియుండును. కాని ఆ కాగితము వెలుపలికి వచ్చినపుడు దానిలోని షరతు వెనుకబడును, అనుమతి ముందు నడచును. ఒక అనుమతిని చూపి మఱియొకదానిని, ఆ రెంటిని చూపి మూడవదానిని సంపాదించుట జరుగును. కాగితముల దొంతర పెరిగిన కొలది పెట్టుబడియు పెరుగును. తుదకు "ఇంత ధనము వ్యయమైన పిదప కాదనుట న్యాయమా?" యను వాదము పుట్టును. మొదట నోరు విప్పవలసినవారు విప్పకుండుటచేత, చివర నిలిచి కాదన్న మండలి యొక్కటియే అభివృద్ధికి అడ్డుపడునదిగ కనబడినది.

ఇది మొదటి మానవకారణము: విచారణను షరతుగ మార్చి ఇతరులకు అప్పగించుట. దీనికి దుర్బుద్ధి అక్కఱలేదు. పని యొత్తిడియు, పైవారి తొందరయు చాలును.

రెండవ కారణమును మేము పుస్తకములలో నేర్చుకొనలేదు. మా తప్పువలన నేర్చుకొంటిమి. కొన్ని సంవత్సరములక్రిందట ఒక కర్మాగారముమీద గ్రామస్థుల పక్షమున మేము వ్యాజ్యము నడపితిమి. దాని పేరుతో ఇప్పుడు పని లేదు. వారు బయటికి వదలు నీటి పి.హెచ్. కొలతలను దినదినము వ్రాయు పుస్తకమును కోర్టుకు తెప్పించితిమి. మూడు నెలలపాటు ప్రతిదినము ఒకే అంకె: 7.2. ఆ పుస్తకము వ్రాసిన యువకుని బోనులో నిలిపి గంటన్నరసేపు ప్రశ్నించితిమి. అతడు తల వంచుకొని, కొలువకుండగనే వ్రాసితినని ఒప్పుకొనెను. కోర్టు అతనిని తప్పుపట్టెను. యజమానులు ఆ వారమే అతనిని పనిలోనుండి తీసివేసిరి. మేము జయించితిమని గ్రామస్థులు మాకు పూలమాల వేసిరి.

ఆ యువకుడు కోర్టు వసారాలో మాకు ఎదురుపడి యిట్లనెను: "అయ్యా, మీటరు చెడిపోయినదని నేను మూడుసార్లు వ్రాసియిచ్చితిని. కొనుగోలు శాఖవారు వచ్చే త్రైమాసికమున చూతుమనిరి. ఖాళీ గడి యున్న ఫారమును మా పైయధికారి తీసికొనడు. నన్నేమి వ్రాయుమందురు?" మా యొద్ద జవాబు లేకపోయెను. మఱుసటి సంవత్సరము అదే కర్మాగారపు పుస్తకము మరల మా చేతికి వచ్చినది. వ్రాసినవాడు వేఱొక యువకుడు. అంకె మాత్రము 7.2.

మేము వ్యాజ్యమును గెలిచి, కారణమును ఓడిపోయితిమి. మీటరు కొననివాడెవడు? ఆ త్రైమాసికమున ఆ ధనము దేనికి వెళ్లినది? ఖాళీ గడిని సహింపని ఫారము నేర్పఱచినదెవరు? మూడు లేఖలు ఎవరి బల్లమీద ఆగిపోయినవి? ఈ ప్రశ్నలలో ఒక్కదానినైన మేము బోనులో అడుగలేదు. అబద్ధము పట్టుబడెనన్న సంబరములో, ఆ అబద్ధమును పుట్టించిన యేర్పాటును వదలివేసితిమి. ఇట్లు మన కోపము సంస్థలకు ఎంతయో ఉపకారము చేయుచున్నది. అది ఒక చిన్నవానిమీద పడి చల్లారుచున్నది.

మూడవ కారణము అలవాటు. దీనికి ఉదాహరణము విశాఖపట్టణమున చూచితిమి. 2020 మే 7వ తేదీ తెల్లవారుజామున ఎల్.జి. పాలిమర్స్ కర్మాగారములోని తొట్టినుండి స్టైరీను ఆవిరి వెలువడి, నిద్రలో నున్న వెంకటాపురము మొదలగు చోట్ల పండ్రెండుగురు ప్రాణములు గోల్పోయిరి. తగిన పర్యావరణ అనుమతి లేకుండ నడచుచున్నామని ఆ సంస్థయే అంతకు సంవత్సరము ముందు, 2019 మేలో, ప్రమాణపత్రములో ఒప్పుకొనియుండెను. ప్రభుత్వము నియమించిన ఉన్నతాధికార సంఘము విచారింపగా తేలినదేమి? తొట్టి అడుగున మాత్రమే వేడిని కొలుచుచుండిరి; పైభాగమున ఎంత వేడెక్కినదో తెలిసికొను సాధనమే లేదు. ద్రవమును గట్టిపడకుండ నిలుపు మందు నిలువలో లేదు. చల్లబఱచు యంత్రమును సాయంకాలము ఆపివేయుట వాడుకగ నుండెను. ప్రమాదసూచనకు 36 చోట్ల ఏర్పాటుండియు ఆ రాత్రి కూత మ్రోగలేదు.

గమనింపుడు. వీనిలో ఏదియు ఆ రాత్రి పుట్టిన తప్పు కాదు. సాయంకాలము యంత్రము ఆపుట ఎన్నియో దినములు జరిగినది, ఏమియు కాలేదు. ఏమియు కానందున అది తప్పన్న తలంపే పోయినది. తప్పునకు వెంటనే శిక్ష పడనియెడల అది అలవాటగును. అలవాటు ముదిరిన పద్ధతియగును. పద్ధతిని ప్రశ్నించువాడు వెఱ్ఱివాడగును. 1984లో భోపాలులో విషవాయువు వెలువడిన రాత్రియు తొట్టిని చల్లబఱచు యంత్రము పనిచేయుచుండలేదు. కొన్ని నెలలక్రిందటనే దానిని నిలిపివేసియుండిరి. ముప్పదియాఱు సంవత్సరముల యంతరమున, రెండు ఊళ్లలో, ఒకేవిధమగు నిర్లక్ష్యము! ఆ సంస్థలలో నుండినవారు రాక్షసులు కారు. నిన్న ఏమియు కాలేదు గనుక నేడును కాదని నమ్మిన సామాన్యులు.

నాలుగవ కారణము లెక్కలో నున్నది. సంస్థలో ఏది దినదినము లెక్కింపబడునో దానినే జనులు కాపాడుదురు. ఉత్పత్తి గంటగంటకు లెక్కింపబడును, అమ్మకములు నెలనెలకు, నీటికి జరిగిన హాని మాత్రము తనిఖీ వచ్చిన దినమున. పైయధికారి ఉదయమున మొదట అడుగు ప్రశ్న "ఎన్ని టన్నులు?" అని యైనపుడు, క్రిందివానికి వేఱొక ఆజ్ఞ అక్కఱలేదు. 2015లో జర్మనీదేశపు వోక్స్‌వాగన్ కంపెనీ సంగతి లోకమునకు తెలిసినది. పరీక్ష జరుగుచున్నపుడు మాత్రమే పొగను శుద్ధిచేయునట్లును, రోడ్డుమీద వదలివేయునట్లును తంత్రము నమర్చి, సుమారు 1 కోటి 10 లక్షల కార్లను ఆ కంపెనీ అమ్మియుండెను. ఇంజనీర్లు నేర్పరులే. కాని తక్కువ ఖర్చుతో, చెప్పిన గడువులో, కొలతకు లోబడు యంత్రము కావలెనన్నపుడు, "అది సాధ్యము కాదు" అను వాక్యమునకు ఆ సంస్థలో చోటు లేకపోయినది. చోటు లేని సత్యము మోసముగ మాఱి వెలువడినది.

ఐదవ కారణము అన్నిటికంటె సూక్ష్మమైనది. దీనిని న్యాయవాదులమగు మేమే చెప్పవలెను. 1974లో పార్లమెంటు చేసిన జలకాలుష్య నివారణ చట్టపు 47వ సెక్షను కంపెనీల నేరములను గూర్చినది. కంపెనీ వ్యవహారములకు బాధ్యుడైన వ్యక్తి దోషియే యని అది మొదట చెప్పును. పిదప, నేరము తనకు తెలియకుండ జరిగినదనియో, తాను తగిన శ్రద్ధ వహించితిననియో నిరూపించినచో తప్పించుకొనవచ్చునని చెప్పును. ఈ మినహాయింపు న్యాయమైనదే. తెలియని దానికి శిక్షించుట తగదు గదా. కాని దీనినుండి ఒక విపరీతము పుట్టినది. తెలియకుండుట కవచమైనపుడు, తెలియకుండునట్లు ఏర్పాటు చేసికొనుట వివేకమగును. చెడువార్తలు పై అంతస్తునకు చేరుటకు ముందు వడపోయబడును. "నీటిలో నూనె కలియుచున్నది" అని కాలువయొద్దనున్న కూలి చెప్పినది, సూపర్వైజరు నోట "కొంత తేడా కలదు" అగును. మేనేజరు నోట "పరిశీలనలో నున్నది" అగును. డైరెక్టర్ల సమావేశములో "అన్ని నియమములు పాటింపబడుచున్నవి" అగును. ప్రతి మెట్టునను ఒక్క మాట మెత్తబడినది. ఎవ్వడును పూర్తి అబద్ధ మాడలేదు. ఇట్టి నివేదికలలో మాటలను మెత్తపఱచుటకు మా వృత్తివారు జీతము పుచ్చుకొనుట గలదు. మేమును వృత్తి మొదటి దినములలో అట్టి వాక్యములను దిద్దితిమి. ఈ కట్టమీద దానిని దాచుట తగదు.

ఇంతవరకు వినిన మీలో కొందఱు "ఐనచో అందఱిని క్షమింపుమందురా? అలవాటు, ఒత్తిడి, భయము అని చెప్పి దోషులను విడిచిపెట్టుదుమా?" యని అడుగవచ్చును. కానే కాదు. వైద్యుడు రోగకారణమును వెదకుట రోగమును క్షమించుటకు కాదు. తప్పులన్నియు ఒక తూకమున తూగవు. చేయి జాఱి చేసిన తప్పు వేఱు. అందఱు చేయుచున్నారు గనుక చేసిన తప్పు వేఱు. చేయుమని పైవారు చెప్పగా చేసిన తప్పు వేఱు. లాభమెంతో నష్టమెంతో లెక్కవేసి, జరిమానాయే చౌక యని తేల్చుకొని చేసిన తప్పు వేఱు. మొదటిదానికి శిక్షణ కావలెను. రెండవదానికి పద్ధతి మార్పవలెను. మూడవదానికి ఆజ్ఞ ఇచ్చినవానిని పట్టవలెను. నాలుగవదానికి కారాగారమైనను తక్కువయే. వీనినన్నిటిని ఒకే కఱ్ఱతో కొట్టుటచేత మొదటివాడు పట్టుబడుచున్నాడు, నాలుగవవాడు తప్పించుకొనుచున్నాడు. కారణమును వెదకిననే బాధ్యత పైకి ఎక్కును. వెదకనిచో క్రిందనే నిలిచిపోవును.

కాబట్టి కార్యకర్తలకు మా విన్నప మేమనగా: ఇకమీద ఏ కాలువలోనైన నురుగు కనబడినపుడు, ఏ శిఖము భూమిలోనైన గోడ లేచినపుడు, నినాదముతోపాటు అయిదు ప్రశ్నలను వెంట తీసికొనిపోవుడు. మొదటిది: ఈ విషయము సంస్థలో మొదట ఎవరికి, ఏ తేదీన తెలిసినది? రెండవది: అతడు ఎవరికి చెప్పెను, ఆ మాట ఎచ్చట ఆగిపోయినది? మూడవది: ఆ దినమున నిజము చెప్పినచో అతనికి పోవునదేమి, చెప్పకున్న వచ్చునదేమి? నాలుగవది: ఇదే తప్పు ఇంతకు ముందు ఎన్నిసార్లు జరిగి, ఏమియు కాకుండ పోయినది? ఐదవది: దీనిని సరిదిద్దుటకు కావలసిన ధనమును ఇయ్యగలవా డెవడు, అతడు ఏల ఇయ్యలేదు? ప్రభుత్వకార్యాలయములను గూర్చి యైనచో 2005 సమాచార హక్కు చట్టము మీ చేతిలో నున్నది. తుది ఆజ్ఞను మాత్రమే అడుగకుడు. ఫైలుమీద ఎవరెవరు ఏమి వ్రాసిరో ఆ నోటును అడుగుడు. ఆజ్ఞలో కార్యాలయము మాటలాడును. నోటులో మనుష్యులు మాటలాడుదురు.

మఱియొక మాట. నిజము చెప్పిన చిన్నవానిని కాపాడుట మన విధి. మీటరు చెడినదని మూడు లేఖలు వ్రాసిన యువకుడు మన శత్రువు కాడు, మన సాక్షి. అతని చేతిలో ఆ లేఖల నకళ్లు ఉండినవేమో యని ఆనాడు మేము అడిగియుండినచో, బోనులో నిలువవలసినవారు వేఱుగ నుండెడివారు. సంస్థలలో పనిచేయు మన బిడ్డలే ఈ చెఱువునకు మొదటి కావలివారు. వారు నోరు విప్పిన దినమున వారి ప్రక్కన నిలుచు న్యాయవాది యొకడు, ఇంటికి బియ్యము పంపు పొరుగువాడొకడు లేనియెడల, ఎన్ని జీవోలు వచ్చినను నీటికి దిక్కు లేదు.

ఇదంతయు పాతకథ యని తలంపకుడు. శంషాబాదు నేడు పల్లె కాదు. 2008లో విమానాశ్రయము తెఱువబడెను. బాహ్యవలయ రహదారి ఈ జలాశయపు ప్రక్కగనే సాగుచున్నది. భూమి ధర ఆకాశమున నున్నది. ఆ 84 గ్రామముల రైతుల బాధయు నిజమైనదే. పొరుగు ఊరివాడు ఎకరము నమ్మి మేడ కట్టుచుండగా, నగరపు దప్పికకై తమ భూమి మాత్రము కట్టుబడియుండవలయునా యని వారడుగుచున్నారు. ఆ ప్రశ్నకు నగరవాసులమగు మనము ఇంతవరకు చేతితో నిచ్చిన జవాబు లేదు. నీటిని త్రాగువాడు నీటిని కాచువానికి ఏమియు ఇయ్యకుండుటయు ఈ తిలాపాపములో మన పిడికెడే యని మేమెంచుచున్నాము.

2022 ఏప్రిల్ 12వ తేదీన తెలంగాణ ప్రభుత్వము 69వ నంబరు జీవోను వెలువరించి, 111వ జీవోలోని నిషేధములను తొలగించెను. నగరపు నీటియవసరములో ఈ జలాశయముల భాగమిప్పుడు స్వల్పమని కారణము చెప్పెను. 2023 మే నెలలో 111వ జీవోను పూర్తిగ రద్దుచేయు నిర్ణయమును మంత్రివర్గము ప్రకటించెను. విషయము న్యాయస్థానములకును పోయినది. మంచిచెడ్డలను గూర్చి భిన్నాభిప్రాయము లుండవచ్చును. మాకు దిగులు కలిగించునది అందలి ఒక్క వాక్యము. నిషేధముల తొలగింపు, జలాశయముల నీటి నాణ్యతకు ఏవిధమగు హానియు కలుగకూడదను షరతునకు లోబడినదట!

షరతునకు లోబడి! సభ్యులారా, ఈ పలుకుబడి మీకు పరిచితమే గదా. 1995 నవంబరులో వ్రాసిన వాక్యమునకు ఇది తోబుట్టువు. హాని కలిగినదో లేదో కొలుచువా డెవడు? ఎన్ని దినముల కొకసారి? అతని మీటరు చెడినచో కొనువా డెవడు? అతడు హాని కలిగినదని వ్రాసిననాడు ఆ వ్రాతను ఎవరు చదువుదురు, ఎన్ని దినములలో ఏమి చేయుదురు? ఈ నాలుగింటికి పేరుతోను, తేదీతోను జవాబు వ్రాయని షరతు షరతు కాదు; భవిష్యత్తులో చేతులు కడుగుకొనుటకు ఇప్పుడు తోడి పెట్టుకొన్న చెంబెడు నీళ్లు.

అందుచేత ఈ సభనుండి మనము కోరవలసినది గొప్ప కోరిక కాదు. ప్రతి షరతుక్రింద ఒక మనుష్యుని పేరు వ్రాయుడని కోరుదము. ప్రతి కొలతయు ఈ కట్టమీద పలకపై ప్రజలు చదువుకొనునట్లు వ్రాయుడని కోరుదము. ఆ పలకమీద ఖాళీ గడి యుండిన ఉండనిండు. ఖాళీ గడి సిగ్గు కాదు, అబద్ధపు అంకె సిగ్గు. "ఈ దినమున కొలువలేదు, మీటరు చెడినది" అని వ్రాయగల ధైర్యము ఒక చిన్న ఉద్యోగికి కలిగిననాడు, వాని పైవానికి మీటరు కొనక తప్పదు.

1908లో ప్రకృతి మనలను హెచ్చరించినపుడు మన పెద్దలు కట్ట కట్టిరి. నేడు వచ్చు ఆపద వరదవలె గర్జించుచు రాదు. అది బల్లనుండి బల్లకు, సంతకమునుండి సంతకమునకు చప్పుడు లేకుండ వచ్చును. దానికి అడ్డముగ కట్టవలసిన కట్ట రాతితో కాదు, ప్రశ్నలతో కట్టవలసినది. దానికి మొదటి రాయి మనమే వేయుదము. రేపు ఉదయము పెద్దషాపూరు వాగు వెంబడి నడచుటకు వచ్చువారు తమ పేర్లను ఇచ్చటనే వ్రాసియిండు. ఏ షరతును పెట్టక వ్రాయుడు.